అక్క పట్టి ఉంచిన కుర్చీ

డిమెన్షియా బారిన పడిన మా అక్కను మొన్న ఆస్పత్రికి తీసుకెళ్తే, ఆమెకు ముట్లు ఏ వయసులో ఆగిపోయాయని డాక్టరమ్మ అడిగింది. అక్క కూతురు నా ముఖం చూసింది. ఆ సంగతి ఎరిగినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

మేమిద్దరం నగర్తపేటలో పక్కపక్క ఇళ్లలో కాపురం ఉన్న రోజుల్లో, నలభై నిండకుండానే అక్కకు గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. పిల్లలు పుట్టాక వాటితో పనేముందని పెద్దలన్నారు, డాక్టరూ అన్నాడు. అప్పట్లో నేనొక పరిశోధనశాలలో ముసలి ఎలుకల మెదళ్లను ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగు పట్టించి, గాజుపలకల మీద పరిచేదాన్ని. మైక్రోస్కోపు కింద గోధుమరంగు చుక్కలు కనిపించేవి. అవి ఆడ, మగ హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు. ఒక్కొక్కటీ ఒక్క అతిథి కోసమే వేసిన కుర్చీ అనుకోమనేవాడు మా ప్రొఫెసరు. వయసు మీరిన మెదడులో కొన్నిచోట్ల అవి తగ్గిపోయేవి, కొన్నిచోట్ల అతిథి రావడం మానేసినా కుర్చీలు అలాగే ఉండేవి. సెలవు రోజుల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడటానికి సభలకు వెళ్లేదాన్ని. ఆడదాని బుద్ధి గర్భసంచిలోనే ఉంటుందని అక్కడ వెక్కిరించే పెద్దమనుషులకు, అవే కుర్చీలు వాళ్ల తలకాయల్లోనూ ఉన్నాయని మొహం మీదే చెప్పేదాన్ని. అక్క ముందువరసలో కూర్చుని, పక్క కుర్చీ మీద సంచీ పెట్టి, నాకోసం చోటు పట్టి ఉంచేది.

అక్క మరుపు పూర్వజన్మ పాపమన్న బంధువులతో ఈమధ్య గట్టిగానే పోట్లాడాను. ఆ ఆపరేషనే కారణమని చెప్పి వాళ్ల నోళ్లు మూయించాలనిపించింది. కానీ హార్మోను త్వరగా ఆగిపోతే ముప్పు కొంత పెరగవచ్చు గాని, ఈ ఒక్క మనిషికి ఇదే కారణమని ఎవరూ తేల్చలేరంది డాక్టరమ్మ. రుజువు లేనిది నమ్మవద్దని ఊరంతా తిరిగి చెప్పినదాన్ని, ఆ మాటా ఒప్పుకోక తప్పలేదు. కోపం పెట్టుకోవడానికి కూడా ఒక చోటు లేకుండా పోయింది.

నిన్న కాడుగోడిలో అక్క కూతురింటికి వెళ్లి అక్క పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"లెయ్యమ్మా, ఆడ మా చెల్లెలు కూకుంటాది."

"నేనే గదక్కా," అన్నాను.

"నువ్వా? ముసిలిదానివి నువ్వు. మా చెల్లెలు మీటింగుకు పోయిండాది, వస్తాది."

నేను లేచిన కుర్చీలో తన సంచీ పెట్టుకుంది.

ఆ రోజుల్లో ఎంత ఆలస్యమైనా ఆ సంచీ తీసి దర్జాగా కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆ చోటు నాదేనని సాక్ష్యం చెప్పేవాళ్లెవరూ లేరు. ఎదురుగా మంచం అంచున కూర్చుని, పొద్దు వాలేదాకా, అక్కతో పాటు నేనూ ఆమె చెల్లెలి కోసం ఎదురుచూశాను.