పేగుల పాఠం చెప్పిన మా మిస్

పోయిన మంగళవారం పొద్దున, చిక్కబళ్లాపురంలో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో డ్యూటీ మారే వేళ, బాగేపల్లి నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. "మన బయాలజీ మిస్ పోయినారంట. చింతామణిలో, వాళ్ళింట్లోనే" అని చెప్పి ఏడ్చింది. మంచం మీదున్న పెద్దాయన "ఏమైందమ్మా?" అని అడిగేదాకా నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడి ఉన్నాను.

పియుసి, అంటే ఇంటర్, రెండేళ్ళూ ఆమె మాకు పాఠం చెప్పారు. పేగు బొమ్మ వేయాలంటే సుద్దముక్క బోర్డు మీద నుంచి ఎత్తకుండా, ఒకే గీతలో మెలికలన్నీ తిప్పేవారు. చేతి సుద్దను కొంగుకే తుడుచుకునేవారు.

నేను మా ఊరు మండికల్ నుంచి కాలేజీకి వచ్చేదాన్ని. పాలు పితికి డెయిరీలో పోసి, బస్సు అందుకునే హడావుడిలో తినడం కుదిరేది కాదు. ఒకరోజు క్లాసులో నా కడుపు గట్టిగా గుర్రుమంది. వెనక బెంచీలన్నీ నవ్వాయి. నేను తలెత్తలేదు. మిస్ రాయడం ఆపి మా వైపు తిరిగారు.

"ఏమిటికి నవ్వుతాండారు? కడుపు ఖాళీగా ఉంటే మోటిలిన్ అనే హార్మోన్ పుడ్తాది. అది చెప్తే పేగు కండరాలు వరసగా బిగిసి, వదిలి, మిగిలిందంతా ముందుకు ఊడ్చేస్తాయి. ఆ సద్దు ఇది. మంచిగుండే పేగులన్నీ చేసే పనే."

క్లాసు అయ్యాక నన్ను పిలిచి, తన టిఫిన్ డబ్బా నా ముందుకు జరిపారు.

రెండో ఏడు మా అమ్మ బాగా నీరసపడింది. నాలుగైదు రోజులకోసారి కూడా విరేచనం అయ్యేది కాదు. కడుపు ఉబ్బి ఉండేది. ఎండాకాలంలోనూ కంబళి కప్పుకునేది. గొంతు బొంగురుపోయింది. మెడికల్ షాపులో ఇచ్చిన విరేచనాల మందు వేసుకుంటే ఒక పూట తేలిక, మళ్ళీ అంతే. పని చెయ్యలేక పడుకుంటే ఇంట్లో అందరూ సోమరితనమన్నారు. నేను కూడా అన్నాను.

థైరాయిడ్ పాఠంలో మిస్ చెప్పిన లక్షణాలన్నీ అమ్మవే అనిపించి, ఆ రోజు క్లాసు అయిపోయినా నేను బెంచీ మీంచి లేవలేదు. మిస్ దగ్గరికొచ్చి కూర్చున్నారు. విరేచనం సంగతి చెప్పడానికి నేను నసుగుతుంటే, "దీనికి కూడా సిగ్గుపడితే డాక్టరుకు యాడ తెలుస్తాదమ్మా?" అన్నారు. అంతా విన్నారు. ఆ శనివారం బస్సెక్కి మా ఇంటికే వచ్చారు.

నాన్న ఒప్పుకోలేదు. "కడుపుబ్బరానికి థైరాయిడ్ పరీక్ష ఏమిటికమ్మా? అది గొంతులో ఉండేది కదా?"

"ఆ హార్మోన్ పుట్టేది గొంతులోనే అప్పా, తిరిగేది ఒళ్ళంతా. అది తక్కువైతే పేగు కండరాలు సరిగ్గా బిగుసుకోవు, తిన్నది ముందుకు పోదు. నేను డాక్టరును కాను, తప్పు కూడా కావచ్చు. ఒక్క రక్తపరీక్ష చేపిచ్చండి. కానీ ఈమెది సోమరితనం మాత్రం కాదప్పా."

గోడకానుకుని కూర్చున్న అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. మిస్ లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు.

పరీక్షలో మిస్ అనుమానమే నిజమైంది. డాక్టరు రాసిన మాత్రతో రెండు మూడు నెలల్లో అమ్మ లేచి తిరిగింది. నేను నర్సింగులో చేరింది ఆ ఏడే.

ఈమధ్య మిస్ మా వార్డుకే వచ్చారు. పెద్దపేగులో గడ్డ. ఆపరేషన్ నాటికే అది కాలేయానికి పాకింది. ఆపరేషన్ అయిన మరునాడు, "చూడమ్మా, లోపల ఏమన్నా సద్దు ఉండాదా?" అని అడిగారు. స్టెతస్కోప్ పెట్టి నాలుగు వైపులా విన్నాను. నిశ్శబ్దం.

"ఉండాది మిస్, కొంచెం" అన్నాను.

ఆమె నా ముఖం వైపే చూశారు. "నా దగ్గర రెండేళ్ళు చదివి నేర్చింది ఇదేనా? లేకపోతే లేదని చెప్పాల. కత్తి పడింది కదా, ఒళ్ళు బెదిరి అడ్రినలిన్ వదిలితే పేగు కదలకుండా పడుకుంటాది. తొందర చెయ్యగూడదు దాన్ని."

మూడో రోజు సాయంత్రం సన్నగా ఒక గుడగుడ వినిపించింది. చెప్పాను. "ఈసారి నిజమేనా?" అని నవ్వి, కళ్ళు మూసుకున్నారు.

ఇంటికి పంపేటప్పుడు, వచ్చి చూస్తానని మాటిచ్చాను. డ్యూటీలని వారాలు గడిపేశాను. వెళ్ళలేదు.

ఫోన్ వచ్చిన ఆ మంగళవారమే అమ్మను తీసుకుని చింతామణి వెళ్ళాను. మా తర్వాత చదివిన పిల్లలు, మాకంటే ముందు చదివి తల నెరిసినవాళ్ళు రోడ్డు పొడుగునా ఎండలో నిలబడి ఉన్నారు. టమాటా లారీలు మిస్ ఇంటి దగ్గరికొచ్చేసరికి హారన్ కొట్టకుండా మెల్లగా దాటిపోతున్నాయి. అంతా అయిపోయాక జనం పలచబడ్డారు. బస్సుకు టైమైందని అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"పోదాం లేమ్మా, ఇంకొంచెం సేపుండి" అంది అమ్మ. రెండు చేతులతో ఆ ఇనుపగేటు పట్టుకుని, తలుపులన్నీ తెరిచి ఉన్న ఆ ఇంట్లోకి చూస్తూ అలాగే నిలబడింది.