ఎడమ మోకాలు

విప్పి మళ్ళీ కుట్టమని ఇచ్చిన పాత పరుపు తెచ్చుకుందామని పోయిన వారం అద్దంకి రోడ్డు మీదున్న మా స్నేహితుడి కొట్టుకు వెళ్ళాను. పరుపులు కుట్టడం అతనికి తాతల నాటి పని. ఇప్పుడందరూ రబ్బరు పరుపులు కొనుక్కుంటున్నా, నడుం నొప్పి మొదలైన నాబోటి వాళ్ళు చివరికి అతని దగ్గరికే చేరతారు. నేను వెళ్ళేసరికి అతను కింద కూర్చుని దబ్బనంతో నా పరుపు అంచే కుడుతున్నాడు. పక్కన స్టూలు మీద మా మేనల్లుడు కూర్చుని, ఫోన్లో ఏదో చూస్తూ నుదురు కొట్టుకుంటున్నాడు. ఏమిట్రా అంటే, వాడి అభిమాన కబడ్డీ జట్టులోంచి పెద్ద రైడర్ వేరే జట్టుకు వెళ్ళిపోయాడట. ఇప్పుడు ఎవర్ని ముందుకు తేవాలి, ఎవర్ని పక్కన పెట్టాలి అని కోట్లు తొడుక్కున్న నలుగురు పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుని గంట నుంచి వాదించుకుంటున్నారు. "వీళ్ళ పని అయిపోయింది మావయ్యా. అతను లేకపోతే అక్కడ ఇంకేముంది?" అన్నాడు మావాడు దిగులుగా. నా స్నేహితుడు దబ్బనం ఆపి నావైపు చూశాడు. నేను దూది మూటల వైపు చూశాను. ఆ దిగులు ఎలా ఉంటుందో మా ఇద్దరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. పదిహేనేళ్ళ కిందట మా ఊరి జట్టు పోగొట్టుకున్న రైడర్ ఆ స్టూలు మీద కూర్చున్నవాడే.

వాడు మా అక్క కొడుకు. అక్క ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి కాబట్టి, వాడు పెరిగింది గోడకు ఇటువైపే అని చెప్పాలి. వాడికి కూత నేర్పింది నేను. అవతలి వాళ్ళ గీత దాటి ఒంటరిగా వెళ్ళి, ఒక్క ఊపిరి మీద కబడ్డీ కబడ్డీ అంటూ ఎవర్నో ఒకర్ని ముట్టుకుని రావడమే కూతకెళ్ళడం. అందరూ గొంతుతో కూస్తారు, వాడు పొట్టలోంచి కూసేవాడు. ఊపిరి అయిపోయిందనుకుని అవతలి వాళ్ళు కాస్త వదులయ్యే సమయానికి వాడికి ఇంకా సగం మిగిలి ఉండేది. మా జట్టులో నాది ఎడమ మూల, పరుపుల స్నేహితుడిది కుడి మూల. రోజంతా దబ్బనం లాగే చేతులు కదా, అతని చేతుల్లో పడిన కాలు మళ్ళీ బయటికి వచ్చేది కాదు. శుక్రవారం పోటీ పడితే నమాజుకి వెళ్ళి వచ్చేదాకా ఆట ఆపించేవాళ్ళం. అతను లేని మూల మాకు తలుపు లేని ఇల్లులా అనిపించేది.

మేనల్లుడి గురించి ఊళ్ళో అందరికీ తెలియని సంగతి ఒకటుంది. పదిహేడేళ్ళప్పుడు పత్తి బోరేల ట్రాక్టరు మీద నుంచి దూకి ఎడమ మోకాలి చిప్ప జార్చుకున్నాడు. భుజాన వేసుకుని కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. "కూడుకుంది గానీ అబ్బాయి, ఎవరైనా పట్టుకుని పక్కకి తిప్పారంటే మళ్ళీ జారుద్ది. ఈసారి జారితే నావల్ల కాదు," అన్నాడాయన. ఆ మాట అక్కకీ నాకూ వాడికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. వాడు ఆటలో ఎప్పుడూ కుడికాలే ముందుకు వేసేవాడు. చూసేవాళ్ళు అదొక విద్య అనుకునేవారు.

ఇక మేం ఆడుకునే నేల సంగతి. మావైపు నల్లరేగడి. ఎండితే నెర్రెలు, తడిస్తే బంక. దాని మీద కబడ్డీ ఆడినవాడి తోలు దానికే అంటుకుపోతుంది. రోడ్డు పక్కనున్న అరెకరం ఒక్కటే మెరక, ఇసుక కలిసిన చదునైన నేల. అది ఊళ్ళో పెద్దరైతుది. ఆటకు ఎంత బాగుంటుందో మిరపకాయలు ఆరబోసుకునే కల్లానికీ అంతే బాగుంటుంది. కోతలు రాగానే ఆయన ఇంట్లో వాళ్ళంతా ఆ నేల కావాలని ఆయన మీద పడేవారు. ఆయన మాత్రం మాకొక మాటిచ్చాడు. "శివరాత్రి పోటీలో షీల్డు తెచ్చినన్నాళ్ళు మీ జోలికి రాను. తేని ఏడాది కల్లం చేస్తా. ఇక అడగొద్దు." వరసగా ఆరేళ్ళు తెచ్చాం. ఆ ఆరేళ్ళూ కూతకెళ్ళింది మేనల్లుడే.

అంతటివాణ్ణి పోగొట్టుకున్నది మరెవరి వల్లో అయితే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. చేజేతులా చేసుకున్నాను. దర్శి వైపు ఒక ఊళ్ళో ఒక్కతే కూతురున్న కుటుంబం నుంచి సంబంధం వచ్చింది. పిల్ల బంగారం, మనుషులు మర్యాదస్తులు. పెళ్ళి మాటలకు పెద్దమనిషిగా నేనే వెళ్ళాను. నేను అడిగిన ప్రతిదానికీ పెళ్ళికూతురి తండ్రి చేతులు జోడించి సరే అన్నాడు. ఆయన అడిగింది ఒకటే. "అబ్బాయి మా ఊళ్ళోనే ఉండాలండి. మాకు కొడుకైనా వాడే." ఇల్లరికమే కదా, మెతుకుకి లోటుండదు అనుకుని ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. భోజనాల దగ్గర రెండోసారి గారెలు వడ్డిస్తుండగా గోడ మీద ఫొటో కనిపించింది. పెళ్ళికూతురి తండ్రి మధ్యలో, ఇటు ముగ్గురు, అటు నలుగురు, అందరూ కబడ్డీ బనియన్లలో. చేతిలో గారె మళ్ళీ విస్తట్లో పెట్టేశాను. శివరాత్రి పోటీకి ఒక నియమం ఉంది, ఎవరి పొయ్యి ఏ ఊళ్ళో వెలిగితే వాడు ఆ ఊరి ఆటగాడు, బయటివాణ్ణి తెచ్చుకోకూడదు అని. అంతకు నాలుగేళ్ళ ముందు ఎవరో కిరాయి ఆటగాళ్ళను దించితే, బల్ల గుద్ది మరీ ఆ నియమం పెట్టించింది నేనే.

కార్తీకంలో పెళ్ళయింది. శివరాత్రికి నాలుగు నెలలు కూడా లేవు. పొద్దున్నే మంచు విడవకముందు, సాయంత్రం కూలీలు ఇళ్ళకు మళ్ళే వేళ, రోజుకి రెండుసార్లు నేలలో దిగేవాళ్ళం. ముందు మా బావమరిదిని కూతకు పంపి చూశాను. వాడి కూత పక్క ఊరికి వినిపించేది గానీ కాళ్ళు మాత్రం మధ్య గీత దగ్గరే ఉండిపోయేవి. తర్వాత స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే ఒక పొడుగాయన్ని దించాను. చేతులు బారెడు, కానీ ఎవరైనా నడుం మీద చెయ్యి వేస్తే చక్కిలిగింత. కూత మధ్యలో పకపకా నవ్వేసేవాడు. అతని కోసం కాళ్ళు బాగా పట్టే ఒకణ్ణి తీసేస్తే, ఆ తీసేసినవాడు అలిగి వారం రోజులు కనిపించలేదు. చివరికి నలభై ఏళ్ళ వయసులో నేనే మూల వదిలి కూతకెళ్ళాను. పక్క పొలం కల్లంలో కాయలు తిరగేస్తున్నట్టున్నారు, గాలి ఇటు తిరిగి ఘాటు గొంతుకు పట్టుకుంది. కూత కాస్తా దగ్గుగా మారి, అవతలి గీత మీదే మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ రోజుల్లో నాకు అన్నం సయించేది కాదు. కంచంలో మెతుకులు ఏడేసి పేర్చి, ఒకటి అటు జరిపి ఒకటి ఇటు జరిపేవాణ్ణి. "తింటారా, జట్టు కడతారా?" అని మా ఆవిడ కంచం లాగేసింది ఒకరోజు. పెద్దరైతు కొడుకులు అప్పుడే వచ్చి నేల చుట్టూ అడుగులు వేసి కొలుచుకుంటున్నారు. ఆ నేల పోతే జట్టు ఉండదు. జట్టు లేకపోతే ఊళ్ళో నేనెవర్నో నాకే తెలియదు. అదీ నా భయం. పోటీకి మూడు రోజుల ముందు సాయంత్రం అందరూ వెళ్ళాక, పరుపుల స్నేహితుణ్ణి ఆపాను. గొంతు తగ్గించి చెప్పాను.

"వాడి ఎడమ మోకాలు దొరికితే వదలమాక. పక్కకి తిప్పు."

అతను నా మొహంలోకి చూశాడు. "మీ అక్కకి తెలుసా ఈ మాట?" అన్నాడు. నేను వంగి చెప్పులు వెతుక్కున్నాను.

అనుకున్నట్టే మొదటి ఆటలు కిందామీదా పడి నెట్టుకొచ్చాం, ఆఖరి ఆటలో వాళ్ళూ మేమూ. మేనల్లుడు కొత్త బనియను వేసుకుని వచ్చి నా కాళ్ళకు మొక్కాడు. నిండు నూరేళ్ళూ చల్లగా ఉండరా అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ క్షమించుకోలేదు. ఎండ వాలుతుండగా ఆట చివరికొచ్చింది. వాళ్ళూ మేమూ సమానం. మిగిలింది ఒక్క కూత, అది వాడిది. పట్టుకుంటే షీల్డు మాది, ముట్టుకుని వెళ్తే వాళ్ళది. మా వైపు మిగిలింది నేనూ, స్నేహితుడూ, బావమరిదీ. వాడు పొట్టలోంచి కూస్తూ వచ్చాడు. కుడికాలు ముందుకు వేసి బావమరిది వీపు తట్టి వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలో ఎడమకాలు వెనకబడింది. స్నేహితుడు నేల మీదికి దూకి ఆ మోకాలి చుట్టూ రెండు చేతులూ బిగించాడు. వాడు బోర్లా పడ్డాడు, కూత ఆగలేదు. వాడి వీపు నావైపు ఉంది. స్నేహితుడు తల ఎత్తి నన్ను చూశాడు. నేను వెళ్ళి వాడి మీద పడొచ్చు. పడలేదు. పాకి వెళ్ళే బలం వాడికుందని నాకు తెలుసు, తిప్పితే తప్ప ఆగడని కూడా తెలుసు. తిప్పమని తల ఊపాను.

స్నేహితుడు చేతులు విప్పేశాడు. మేనల్లుడు ఒక్క గెంతులో గీత అందుకున్నాడు.

జనం అరుపుల్లో నేనేం అరిచానో ఎవరికీ వినబడలేదు. స్నేహితుడి బనియను పట్టుకుని ఊపేస్తూ, ఎందుకు వదిలావురా, ఎందుకు వదిలావురా అని అడుగుతూనే ఉన్నాను. అతను బనియను విడిపించుకుని, ఒంటికంటిన ఇసుక దులుపుకుంటూ అన్నాడు. "మోకాలు మీవాడిది, మాట నీది. చేతులు మాత్రం నావిరా." ఆ తర్వాత వారానికే మా నేల మీద పరకలతో ఊడ్చి, పేడతో అలికి, ఎర్రగా కాయలు పరిచారు. మిగిలినవాళ్ళు కొన్నాళ్ళు నన్ను చూస్తే తల తిప్పుకున్నారు. స్నేహితుడు మాత్రం ఎప్పటిలాగే పలకరించాడు. అది భరించడమే కష్టమైంది.

ఇదంతా తలుచుకుంటూ కొట్టులో ఎంతసేపు నిలబడ్డానో. మేనల్లుడు ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు, ఇరవై ఎకరాల మిరప కౌలు, రోజంతా గట్ల వెంట నడక.

"మావయ్యా, ఇన్నేళ్ళూ నిన్నొక మాట అడగలేదు," అన్నాడు. "ఆ రోజు ఈ బాబాయ్ పట్టు దొరికాక నీవైపు చూశాడు. నాకు నీ మొహం కనబడలా. కానీ చూసిన వెంటనే వదిలేశాడు. నువ్వే కదా వదిలెయ్యమని సైగ చేసింది? నేల పోద్దని తెలిసీ నా మోకాలు చూసుకున్నావ్. మా పిల్లలక్కూడా చెప్తుంటా."

స్నేహితుడు కుట్టు ముగించి, దారం పళ్ళతో తెంపి, దబ్బనం తలపాగాలో గుచ్చుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "మీ మావయ్యకి ఎప్పుడూ నీ మోకాలి మీదే ధ్యాసరా."

మేనల్లుడు నవ్వి, నా పరుపు తనే భుజాన వేసుకుని, ఆటోలో పెట్టడానికి ముందు నడిచాడు. రెండు కాళ్ళూ సమానంగా పడుతున్నాయి. వెనక నేను చూస్తూ నడిచాను. పదిహేనేళ్ళంటే చాలా పొడుగు కాలమనుకునేవాణ్ణి. "కాదురా" అనే ఒక్క మాట గొంతు దాటడానికి అవి చాలలేదు.