నవ్వే బొమ్మ మీద టిక్కు

గోదావరిఖనిలోనే పుట్టి పెరిగాను గానీ బొగ్గు గనిలో పనిచేసే మనుషుల గురించి నాకు తెలియదు. నాన్న కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు. మేం ఆఫీసర్ల బంగళాల్లో ఉండేవాళ్లం. సైరన్ మోగితే షిఫ్టు మారిందని తెలిసేది, అంతే. హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం చదివి, పనిచేసే చోట మనుషుల సంతోషం గురించి సలహాలిచ్చే ఒక చిన్న సంస్థలో చేరాను. కొన్నేళ్ల కిందట ఆ పని మీదే మళ్లీ ఈ ప్రాంతానికి వచ్చాను.

ఇక్కడ ఒక గనిలో కార్మికుల మనసు కాస్త తేలికపడాలని మా సంస్థ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాన్ని రూపొందించిన వాళ్లలో నేనూ ఉన్నాను. అది పనిచేస్తోందో లేదో చూసి నివేదిక రాయాల్సిందీ నేనే. అందులో నాకు బాగా ఇష్టమైనది, పూర్తిగా నా ఆలోచన అయినది, కొలువు పుట్టినరోజు. ఎవరు ఏ తారీఖున ఉద్యోగంలో చేరారో ఆ రోజు షిఫ్టుకు ముందు వాళ్లను అందరి ఎదుటా నిలబెట్టి, ఒక గులాబీ, ఒక కార్డు, ఒక స్వీటు డబ్బా చేతికిచ్చి చప్పట్లు కొట్టేవాళ్లం. తర్వాత ఒక కాగితం ఇచ్చేవాళ్లం. దాని మీద ఐదు ముఖాల బొమ్మలు, కన్నీళ్లు కారే ముఖం నుంచి పళ్లన్నీ కనిపించేలా నవ్వే ముఖం దాకా. మనసుకు ఎలా అనిపించిందో ఏదో ఒక బొమ్మ మీద టిక్కు పెట్టాలి. చదువు రానివాళ్లకు కూడా తేలికగా ఉంటుందని ఆ బొమ్మలు వేయించాను. దాదాపు అందరూ నవ్వే ముఖం మీదే పెట్టారు. నేను సంబరపడి నివేదిక సగం రాసేశాను.

నివేదికలో వేయడానికి ఒక ఫొటో కావాల్సి వచ్చి ల్యాంప్ రూమ్‌కు వెళ్లాను. గనిలోకి దిగేవాళ్లకు టోపీకి తగిలించుకునే దీపాలిచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునే గది అది. అక్కడ పనిచేసే ఆమెకు యాభై దాటి ఉంటాయి. అంతకు ముందు వారమే ఆమె కొలువు పుట్టినరోజు జరిపాం. ఆ కార్డు పట్టుకుని నిలబడితే ఫొటో తీసుకుంటానన్నాను. కార్డు లేదంది. ఇంట్లో ఉంటే రేపు తెమ్మన్నాను. ఆమె దీపాలు తుడవడం ఆపలేదు.

"చింపేసిన మేడం," అంది.

ఎందుకని అడిగాను. దిగేవాళ్లంతా దిగిపోయి గది ఖాళీ అయ్యాక ఒక్కో ముక్కే చెప్పింది. ఆమె భర్త గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆయన బదులు ఆమెకు ఇచ్చిన ఉద్యోగం ఇది. ఆమె చేరిన మొదటి రోజు ఆయన వాడిన దీపం ఇంకా ఆయన నంబరు కిందే వేలాడుతోందట. ఏటా ఆ తారీఖున సెలవు పెట్టి ఇంట్లోనే ఉండేది. ఈసారి కార్యక్రమం ఉంది, తప్పక రావాలంటే వచ్చింది.

"మరి నవ్వే బొమ్మ మీద టిక్కు పెట్టారు కదక్కా," అన్నాను. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఇంకేం పెట్టాలె? ఏడ్సే బొమ్మ మీద పెడ్తె కొలువిచ్చినోళ్ల మీద ఏడ్సినట్టు గాదా? మీరందరు గంత సంబురంగ చప్పట్లు కొడ్తున్నరు. మీ మనసెందుకు నొప్పియ్యాలె అనుకున్న."

అంతటితో పోలేదు. ఆమె అత్త ఆమెతోనే క్వార్టర్‌లో ఉండేది. కొడుకు పోయిన కొత్తలో ఆ ముసలామె, నా కొడుకును మింగి కొలువు తెచ్చుకుందని వాడకట్టంతా వినేలా తిట్టేదట. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మాటలు ఆగాయి. కోడలు డ్యూటీ దిగి వచ్చేసరికి అత్త అన్నం వండి ఉంచేది. ఆ రోజు స్వీటు డబ్బా దారిలో పారేద్దామనుకుని, తినేదాన్ని పారేయలేక ఇంటికి తెచ్చింది. దేనికని అత్త అడిగింది. అబద్ధం చెప్పడం చేతగాక, కొలువులో చేరిన రోజుకని ఉన్నదే చెప్పింది. తెల్లారి ముసలామె బట్టలు మూట కట్టుకుని కమాన్‌పూర్‌లో కూతురింటికి వెళ్లిపోయింది.

కోడలు వద్దంటున్నా ఆ వారమే కమాన్‌పూర్ వెళ్లాను. ముసలామె గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆ స్వీట్లు మీ కోడలు కొన్నవి కావు, పంచాలన్న ఆలోచన నాది, తప్పు నాది అని చెప్పాను. ఆమె అంతా విన్నది.

"నీకు తెల్వదా బిడ్డా, ఆ కొలువు ఎట్ల వచ్చిందో?"

తెలియదన్నాను. అది పూర్తి నిజం కాదు. నా దగ్గరున్న జాబితాలో ఆమె కోడలి పేరు పక్కన డిపెండెంటు అని, అంటే పోయినవాళ్ల బదులు చేరిందని, రాసే ఉంది. నేను తారీఖుల వరుస మాత్రమే చూసుకున్నాను.

"దాని తప్పేం లేదని నాకు ఎర్కే," అంది ముసలామె మళ్లీ గింజలు తీస్తూ. "కని ఆ ఇంట్లకు పోబుద్ధైతలేదు."

తిరిగొచ్చి సగం రాసిన నివేదిక పక్కన పడేశాను. బొమ్మల కాగితాలు లేకుండా, అలా భర్తల బదులు చేరిన ఆడవాళ్లతో ఒక్కొక్కరితో వాళ్లకు వీలైన చోట కూర్చున్నాను. ఒకామె ఆ కార్డును పోచమ్మ గుడి దగ్గర వదిలేసి వచ్చానంది. ఇంకొకామె ఏమీ చెప్పకుండా టీ ఇచ్చి పంపేసింది. కొలువు పుట్టినరోజు ఆపేయాలని, ఆఫీసర్లు చూస్తుండగా మనుషుల మనసు అడగకూడదని, ఏ రోజును తలచుకోవాలో ఏ రోజును వదిలేయాలో వాళ్లే చెప్పాలని కొత్తగా రాశాను. ఆపేశారు. ఆ నివేదికను మా సంస్థలో కొత్తవాళ్లకు మంచి ఉదాహరణగా చూపించారు. చాలామంది నన్ను మెచ్చుకున్నారు.

ముసలామె మాత్రం క్వార్టర్‌కు తిరిగి రాలేదు. వానాకాలంలో కూతురింట్లోనే పోయింది. దినాలన్నీ అయ్యాక గానీ నాకు కబురు తెలియలేదు. ల్యాంప్ రూమ్‌కు వెళ్తే కోడలు స్టూలు జరిపి కూర్చోమంది. ఆఖరి రోజుల్లో వెళ్లి చూసొచ్చానని చెప్పింది. అత్త ఏమైనా మాట్లాడిందా అని అడిగాను.

"నన్ను గుర్తు పట్టలె మేడం. మా కోడలు డ్యూటీకి పోయిందా అని నన్నే అడిగింది. పోయిందని చెప్పిన."

అప్పటికే రెండో షిఫ్టు వాళ్లు కిటికీ దగ్గర వరుస కట్టారు. ఆమె లేచి దీపాలు అందించసాగింది. నేను స్టూలు గోడ వారకు జరిపి, అడ్డం లేకుండా బయటికి వచ్చేశాను.