యాభై రెండు గురిగింజల ఎత్తు

పోయిన నెల మూడో శుక్రవారం, పొద్దున పదకొండున్నరకు, మంచిర్యాల బజారులో ఒక పెద్ద నగల దుకాణానికి వెళ్లాను. మనుమరాలి వెండి పట్టగొలుసులు మెరుగుకిచ్చి వారమైంది, అవి తెచ్చుకోవాలి. ఇచ్చిననాటి తూకం నా నోటుబుక్కులో ఉంది, ఎనభై నాలుగు గ్రాములు. కౌంటరు దగ్గరి అమ్మాయి ఎర్రసంచిలోంచి తీసి నా అరచేతిలో పెట్టగానే చెయ్యి కొంచెం కిందికి దిగినట్టనిపించి, ఒకసారి కాటా మీద పెట్టమన్నాను. తొంభై ఏడు చూపించింది. ఇవి మావి కావంటే, ఆ అమ్మాయి కంప్యూటరు వైపు చూసి, నా వైపు చూసి నవ్వింది.

"తక్కువొస్తె ఫికర్ జెయ్యాలె గని, ఎక్కువొస్తె మీకే లాభం గద అమ్మమ్మా, గింత పరేషాన్ ఎందుకు?"

ఆ పిల్లను తప్పుపట్టను, నవ్వుతూ అన్నమాటే. కానీ నేను అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. మంచినీళ్లు ఇచ్చారు, బీపీ ఉందా అని అడిగారు. బీపీ కాదు. పదమూడు గ్రాముల వెండి నన్ను పన్నెండేళ్ల పిల్లను చేసి, తక్కెడ ముందు మళ్లీ నిలబెట్టింది. నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

అప్పుడు మేము మందమర్రిలో ఉండేవాళ్లం. బొగ్గుగనిని మా వైపు బాయి అంటారు, అమ్మను అవ్వ, నాన్నను బాపు. బాపు ఆ బాయిలోకి దిగి పనిచేసేవాడు. బాయికి అరమైలు దూరంలో వరుసగా కట్టిన గుడిసెలే మా లైను, ఇళ్లకు నంబర్లు కూడా లేవు. నేను ఆరో తరగతి. ఎక్కాలు ఇరవై దాకా తప్పులేకుండా అప్పజెప్పేదాన్ని కనుక మా ఇంట్లో పాలలెక్క, బియ్యంలెక్క, బాపు హాజరుల లెక్క అన్నీ నావే. అవ్వకు చదువు రాదు, నా లెక్క మీద మాత్రం దేవుడి మీదున్నంత నమ్మకం. ఆ నమ్మకం ఎంత బరువైనదో అప్పటికి నాకు తెలియదు.

ఆ ఏడు శ్రావణమాసం మొదటి సోమవారం, బాపు షిఫ్టు దిగి వచ్చాక, అవ్వ పుస్తెలకు తాడు ఎక్కే చెవులు అరిగిపోయి దారమంత మిగిలాయని, బజారులో బంగారప్పని చేసే అవుసులాయన దుకాణానికి తీసుకుపోయాం. దుకాణం అంటే ఒక గది, ఒక కుంపటి, ఒక చిన్న తక్కెడ, ఒక పక్కన డబ్బా నిండా ఎర్రటి గురిగింజలు. గ్రాములు వచ్చిన కాలమే అయినా ఆయన లెక్క గురిగింజలదే, తులానికి తొంభై ఆరు. పుస్తెలు విప్పాలంటే ముందు మెడలో పసుపుకొమ్ము కట్టుకోవాలి, మెడ బోసిగా ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. అవ్వ ఇంటి నుంచే పసుపుకొమ్ము కట్టుకొని వచ్చి, గోడవైపు తిరిగి పుస్తెలు విప్పి ఇచ్చింది. రెండూ కలిపి యాభై రెండు గురిగింజల ఎత్తు. అవుసులాయన పైకి చదివాడు, నేను నా పుస్తకంలో రాసుకున్నాను. చెవులకు ఒక గురిగింజెత్తు కొత్త బంగారం పడుతుంది, వచ్చేటప్పుడు యాభై మూడు ఉండాలని ఆయనే చెప్పాడు.

ఆ తరువాత చీటీ మీద రాయడానికి, ఎవరివమ్మా ఇవి అని అడిగాడు. అవ్వ నోరు విప్పలేదు. మా కాలంలో ఆడవాళ్లు పెనిమిటి పేరు పలికేవాళ్లు కాదు, ఆయుష్షు తగ్గుతుందనేవాళ్లు. నన్ను చెప్పమన్నా బాగుండేది కానీ నేను అప్పటికే గురిగింజలతో ఆడుకుంటున్నాను. అవ్వ నెమ్మదిగా, "బాయి లైనోళ్లయి, మొదటి షిఫ్టుకు పోతడు" అంది. అవుసులాయన అదే, తూకంతో సహా రాసుకొని, పుస్తెలను చీటీలో పొట్లం కట్టి డబ్బాలో పెట్టాడు. శ్రావణం రోజులు, ఎందరో ఆడవాళ్లు అదే పని మీద వస్తున్నారు. వాళ్లలో ఎందరి ఇంటాయనలు బాయి లైనులో ఉండి మొదటి షిఫ్టుకు పోతారో, ఎందరు పేరు పలకలేక అదే మాట చెప్పి పోయారో, ఆయనా ఆలోచించలేదు, మేమూ ఆలోచించలేదు.

గురువారం సాయంత్రం బడి విడిచాక తెచ్చేందుకు నేనొక్కదాన్నే వెళ్లాను. పసుపుకొమ్ముతో బజారుకు రావడం అవ్వకు ఇష్టంలేదు. దుకాణం ముందు పదిమంది నిలబడి ఉన్నారు. అవుసులాయన "బాయి లైను, మొదటి షిఫ్టు" అని చీటీ చదివి, పుస్తెలు తక్కెడలో వేసి, గింజలు సరిపెట్టి, అరవై ఐదు, చీటీ మీద అరవై నాలుగు, చెవులకు ఒకటి, సరిపోయింది కదా అన్నాడు.

సరిపోలేదు. పన్నెండు గురిగింజలు ఎక్కువ, అంటే తులంలో ఎనిమిదో వంతు. ఎత్తు విన్న క్షణంలోనే ఆ తీసివేత నా తలలో అయిపోయింది. నోరు మాత్రం తెరుచుకోలేదు.

ఎందుకు తెరుచుకోలేదో ఇన్నేళ్లలో ఎన్నోసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. పెద్దమనిషి లెక్క తప్పని పదిమందిలో ఎట్లా అంటామన్న భయం కొంత. కానీ అసలు సంగతి వేరు. మా మేనత్త ఇంటికి వచ్చినప్పుడల్లా అవ్వ మెడవైపు చూసి, పుస్తెలా, పొగాకు రేకులా వదినా అని వాటి పలచదనాన్ని ఎత్తిపొడిచేది. అందరూ నవ్వేవాళ్లు, అవ్వ కూడా నవ్వేది, తరువాత చాలాసేపు పొయ్యి ముందు నుంచి లేచేది కాదు. ఆ పన్నెండు గింజలు మేనత్త నోరు మూయిస్తాయని అనుకున్నాను. అవుసులాయన చెప్పిన లెక్క కదా, పాపమేదన్నా ఉంటే ఆయనదే అని కూడా అనుకున్నాను. రుమాలులో కట్టుకొని దారంతా పిడికిలి విప్పకుండా ఇంటికి తెచ్చాను.

అవ్వ దీపం ముందు కూర్చొని కొత్తతాడుకు గుచ్చి మెడలో వేసుకుంది. మా లైనులో అందరివీ ఒకటే రకం పుస్తెలు, పైగా మెరుగు పెట్టినవి, ఆమె గుర్తుపట్టలేదు. జర బరువున్నట్టు అనిపిస్తున్నయి అని, నాలుగు రోజులు పసుపుకొమ్ముకు అలవాటుపడ్డ మెడ కదా అని తనకు తానే చెప్పుకుంది. తూకం సరిగ్గా ఉందా అని నన్ను అడిగింది. ఉందన్నాను. జీవితంలో అవ్వకు నేను చెప్పిన తప్పుడు లెక్క అదొక్కటే.

శుక్రవారం తెల్లవారకముందే బాపు మొదటి షిఫ్టుకు పోయాడు. బడికి పోయినా నాకు ఒక్క అక్షరం ఎక్కలేదు. అవి మావి కావంటే ఎవరివి? మావి ఎవరి మెడలో ఉన్నాయి? ఎవరి పెనిమిటి పుస్తెలనో మా అవ్వ వేసుకొని కూర్చుంటే, నేలకింద ఉన్న బాపుకు ఏమవుతుంది? అప్పటికి రెండు నెలల కింద పైకప్పు రాలి మా లైనులోనే ఒకాయన కాలు పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో మా బడికి శుక్రవారం ఒంటిపూటే. ఇంటికి వస్తూ నల్లా దగ్గర ఆగితే, నీళ్లు పడుతున్న ఆడవాళ్లు చెప్పుకుంటున్న మాట వినపడింది. పక్క లైనులో ఎవరి కోడలివో పుస్తెల్లో అవుసులాయన బంగారం కోసుకున్నాడట, పన్నెండు గింజలు తగ్గాయట, వాళ్ల అత్త పెద్దమనుషులను తీసుకొని బజారుకు పోతుందట, ఇక ఆయన దుకాణం ఈ ఊళ్లో ఉండదట.

పన్నెండు అన్న మాట వినగానే ఇక అక్కడ నిలబడలేదు. ఇంటికి పరుగెత్తి అవ్వకు మొత్తం చెప్పాను. అవ్వ పప్పు చెరుగుతోంది. చాట పక్కన పెట్టింది. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు.

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"నిన్ననే. తక్కెడల ఉన్నప్పుడే."

అవ్వ చెయ్యి పుస్తెల మీదికి పోయి, నిప్పును తాకినట్టు వెనక్కి వచ్చింది. ఆమె భయం అప్పుడు నాకు సగమే తెలిసింది, పెళ్లయ్యాక మొత్తం తెలిసింది. పరాయి పుస్తెలు మెడలో ఉంచుకోరాదు. కానీ మొగుడు బాయిలో ఉండగా మెడలోవి విప్పడం అంతకన్నా రాదు. అక్కడ సంసారం నడుపుకునే ఒక మనిషిని దొంగ అంటున్నారు, ఆలస్యం చేయడమూ రాదు. ఒక పసుపుకొమ్ము కొంగున ముడివేసుకొని, కొంగు మెడచుట్టూ కప్పుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా నడిచింది. నేను వెనక ఉరికాను. దారిలో షిఫ్టు దిగే సైరన్ మోగింది.

దుకాణం ముందు ఇరవైమంది దాకా ఉన్నారు. అవుసులాయన కుంపటి ముందు చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు, ముఖం పాలిపోయింది. ఆ అత్త గొంతు వీధి చివరిదాకా వినబడుతోంది. ఆమె కోడలు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, ఒక మూలన మెడలోని పసుపుకొమ్ము పట్టుకొని నిలబడింది. తూకం తగ్గిందని తెలిసి పుస్తెలు వేసుకోలేదు. అది చూసిన తరువాతనే అవ్వ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మావి ఇంకొకరి మెడ ఎక్కలేదు.

ఆయన కోయలేదు, నీ కోడలివి నా దగ్గర ఉన్నాయని అవ్వ చెప్పింది. ఒక్కసారి అందరూ ఇటు తిరిగారు. ఆ అత్త ఊరుకునే మనిషి కాదు. నాలుగడుగులు ముందుకేసి, "మంచిగున్నది బిడ్డా, మా బంగారం మెడలేసుకొని శుక్రారం నోము గూడ నోసుకున్నవా?" అంది.  అవ్వ నా వైపు వేలు చూపలేదు, పిల్లదాని తప్పని చెప్పలేదు. ఇస్తాను, జర ఆగమని మాత్రం చెప్పి, గడప మీద నిలబడి రోడ్డువైపు చూడడం మొదలుపెట్టింది.

షిఫ్టు దిగినవాళ్లు గుంపులుగా వస్తున్నారు. అందరి ముఖాలూ బొగ్గే, కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనబడవు. ఒక గుంపు పోయింది, రెండోది పోయింది. ఇస్తవా ఇయ్యవా అని అత్త వెనక నుంచి అడుగుతూనే ఉంది. అవ్వ పిడికిలి నా భుజం మీద బిగుస్తూ పోయింది, ఆ గోటిగాటు నాలుగురోజులుంది. మూడో గుంపులో, అందరికన్నా వెనక, కుడికాలు కొంచెం ఎగరేస్తూ నడిచే నడక నాకంటే ముందు ఆమె చూసింది. బాపు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి రోడ్డు మీదనే ఆగాడు. ఈడేం పనే అన్నాడు. జర పనున్నది, వస్త, నిలబడు అని చెప్పి, అవ్వ లోపలికి వచ్చి గోడవైపు తిరిగి, కొంగుముడిలోని పసుపుకొమ్ము మెడలో కట్టుకొని, అప్పుడు పుస్తెలు విప్పింది.

తక్కెడ మళ్లీ కదిలింది. అరవై ఐదు వాళ్లవి, యాభై మూడు మావి. అవుసులాయన రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూపించాడు, తూకం అంకెలు తప్ప అక్షరం తేడాలేకుండా ఒకటే మాట.  ఇగ పేరు చెప్పకపోతే నేను ముట్టనమ్మా, ఈపొద్దు మీరు రాకుంటే నా గతేంది అని, కొత్త చీటీ తీసి, పెన్సిలు పట్టుకొని, ఎవరివని రాయమంటరని అడిగాడు.

నేను చెప్పబోయాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది. అందరి ముందు, తల వంచుకొని, ఇంటిపేరుతో సహా, బాపు పేరు చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను. గొంతు చిన్నదే కానీ ఎవరూ మాట్లాడడంలేదు కనుక బయటిదాకా వినబడింది. పదిహేనేళ్ల కాపురంలో తన పేరు ఆ నోట మొదటిసారి విన్న బాపు, ఏం చెయ్యాలో తెలియక చేతిలోని టిఫిను డబ్బా మూత తీసి లోపలికి చూసి మళ్లీ పెట్టాడు. ఇంత గొడవ చేసిన ఆ అత్తకు కూడా నవ్వాగలేదు.

ఇంటికి వచ్చేదారిలో అవ్వ నాతో ఒకటే మాట అంది. "తక్కెడ కాడ యాభై మూడు అని ఒక్క మాటంటె అయిపోతుండె గదనే." మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మేనత్త పొగాకు రేకులన్న ప్రతిసారీ మాత్రం, అవును వదినా, సరిగ్గ యాభై మూడు అని నవ్వేది, ఇక పొయ్యి దగ్గరికి పోయేది కాదు.

ఆ కోడలు తరువాత అవ్వకు చెల్లెలి లెక్క అయింది. ఏ పండుగకైనా ఒకరింటి పిండివంట ఇంకొకరింటికి పోయేది. ఆమె పెనిమిటి కూడా ఆనాడు అదే షిఫ్టులో ఉన్నాడు. చాలా ఏళ్ల తరువాత, చివరి రోజుల్లో, అవ్వ ఒకసారి చెప్పింది, ఎవరాయన పుస్తెలో తెలియక ఆ దారిపొడుగునా ఇద్దరి కోసం మొక్కుకుంటూ నడిచానని.

మంచిర్యాల దుకాణంలో ముప్పావుగంటకు మా పట్టగొలుసులు దొరికాయి, ఎనభై నాలుగు గ్రాములు సరిగ్గా. ఫోను నంబరులో ఒక అంకె తప్పు కొట్టారట. ఎవరూ ఎవరినీ దొంగ అనలేదు, ఎవరూ భయపడలేదు, అది మంచిదే. ఆ తొంభై ఏడు గ్రాములవి ఎవరివమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి మర్యాదగానే, చెప్పగూడదు అమ్మమ్మా, అయినా మా దగ్గర పేరుండదు, నంబరే ఉంటదని, చివరి నాలుగు అంకెలు మాత్రం చదివింది.

ఇంటికి వచ్చి తారీఖు వేసి నోటుబుక్కులో అంతా రాసుకున్నాను. రెండు తూకాలు, తేడా, ఆ నాలుగు అంకెలు. కాసేపు నా అరచేతిలో ఉన్న ఆ పట్టగొలుసులు వేసుకొని ఏ ఇంట్లో ఏ చిన్నపిల్ల తిరుగుతోందో. పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలాను.