గొంగడి కింద చేయి

అరవైల చివర్లో ఒక నడివేసవి పగలు. అచ్చంపేట బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో పిల్లను గొంగడితో నిండా కప్పింది.

"గింత ఎండల గొంగడేందమ్మా? పిల్ల ఉడికిపోదా?" అన్నాను.

ఆమె అంచు ఎత్తి చూపించింది. పిల్ల ముఖమంతా నల్లమచ్చలు, ముక్కు మీద పుండు.

"క్యాన్సరంట. ఎండకు చెడిన తోలును బాగుచేసుకునే గుణం పుట్టుకతోనే లేదంట, పట్నం దవాఖానల చెప్పిండ్రు. మచ్చలు పోతయని మా అత్త సూర్యునికి మొక్కి, ఆదివారమాదివారం ఎండల కూసోబెట్టింది. పిల్ల ఏడ్చినా ఇనలే. ఇగ సచ్చినా పిల్లను ముట్టనియ్య."

వాళ్ల ఊరి దగ్గర ఒక ముసలామె ఎదురుచూస్తూ నిలబడి ఉంది. "అవ్వా" అంటూ గొంగడిలోంచి చిన్న చేయి బయటికొచ్చింది. తల్లి ఆ చేతిని లోపలికి లాగి, అత్తను దాటి వెళ్లిపోయింది.

బస్సు కదిలాక వెనక్కి చూశాను. ముసలామె ఇంకా ఎండలోనే ఉంది. ఉండనీ, అనుకున్నాను. ఈనాటికీ అదే అంటాను.