మరుపును కొలవడం నేర్పిన వసుంధర గారు

మొన్న ఖమ్మంలో, నేను పనిచేసే ఆసుపత్రి వరండాలో నడుస్తుంటే ఒక గదిలోంచి కుర్ర డాక్టరు గొంతు వినిపించింది. "ఈ రోజు ఏ తారీఖు, పెద్దమ్మా?" ఆ తర్వాత ఫ్యాను చప్పుడు, దాని కింద సన్నగా గాజుల చప్పుడు. ఆమె మణికట్టు మీద గాజులు తిప్పుకుంటోందని చూడకుండానే తెలిసింది. జవాబు దొరకని ఆడవాళ్లు చాలామంది అలా చేస్తారు. ఈ సంగతి నాకు మొదట చెప్పింది డాక్టర్ వసుంధర గారు. నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను.

వసుంధర గారు పోయి చాలా ఏళ్లయింది. మనిషికి మతి ఎంత మిగిలింది, ఎంత పోయింది అని అడిగి తెలుసుకునే పని నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను. చివరికి ఆమె ఇక రోగులను చూడవచ్చా, మానెయ్యాలా అని తేల్చవలసిన బాధ్యత కూడా నా మీదే పడింది. ఆమెను చూడనివాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను కాబట్టి మొదటినుంచి చెబుతాను.

ఎనభైల చివర్లో నేను మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి, ఆ చదువుతో ఏం చెయ్యాలో తెలియకుండా ఉన్నాను. జూలూరుపాడులో ఒక డాక్టరమ్మ సాయానికి మనిషిని వెతుకుతోందని ఎవరో చెబితే వెళ్లాను. వసుంధర గారి తాతలు కోస్తానుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్నవాళ్లు. ఆమె మద్రాసులో పెద్ద చదువు చదివి, కొంతకాలం పట్నంలో పనిచేసి, తిరిగి వచ్చి తండ్రి కట్టిన పెంకుటింట్లోనే దవాఖానా పెట్టుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు రుక్మిణమ్మ భర్త పోయాక వచ్చి అక్క దగ్గరే ఉంటోంది. వీళ్లు కాక కాంపౌండరు యాదయ్య. జ్వరాలు, బీపీలు, షుగర్లు అన్నీ చూసేవారు గాని, శుక్రవారం మాత్రం ముసలివాళ్లకు కేటాయించేవారు. ఏన్కూరు వైపు రైతులు, కొత్తగూడెం గనుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు, అడవి అంచు పల్లెలవాళ్లు వచ్చేవారు. ముసలితనంలో మతి తప్పడం కూడా జబ్బేనని, దానికీ డాక్టరు దగ్గరికి వెళ్లవచ్చని ఆ చుట్టుపక్కల మొదట చెప్పింది ఆమే.

నా పని ప్రశ్నలు అడగడం. విదేశాల్లో తయారైన ప్రశ్నల కాగితం ఒకటి ఉండేది. దాన్ని ఆమె స్కేలు అనేవారు. తేదీ, ఊరు, జిల్లా, కొన్ని మాటలు గుర్తుపెట్టుకుని మళ్లీ చెప్పడం, ఒక బొమ్మ చూసి గీయడం. సరైన జవాబుకు మార్కు, లేకపోతే సున్న. అందులో "మనం ఏ అంతస్తులో ఉన్నాం?" అనే ప్రశ్న కూడా ఉండేది. నేను దాన్ని ఉన్నది ఉన్నట్టు ఒక తాతను అడిగాను. ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు, నా ముఖం చూశాడు.

"అంతస్తేంది బిడ్డా? పెంకుటింట్ల గచ్చు మీద కూసున్నం. నీకు పానం మంచిగున్నదా?"

బల్ల అవతల వసుంధర గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ఆయనకు మార్కు వెయ్యి," అన్నారు. "నీకే సున్న."

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని కాగితం మార్చాం. తారీఖు బదులు కార్తె అడిగాం. మృగశిరా, ఆరుద్రా అన్నది రైతుకు క్యాలెండరు కన్నా ముందు తెలుస్తుంది. గనిలో పనిచేసినవాళ్లను షిఫ్టుల వేళలు అడిగాం. నూటిలోంచి ఏడేసి తగ్గించమనే బదులు వారాల పేర్లు వెనకనుంచి చెప్పమన్నాం. ఇలా మారిస్తే బయట కొలతలతో పోల్చడం కుదరదని నేను పుస్తకంలో చదివింది చెప్పాను. ఆమె ఒప్పుకున్నారు. "నిజమే. కానీ తెలియని సంగతి అడిగి, మర్చిపోయాడని రాస్తే, అది పోల్చడానికి మాత్రం ఏం పనికొస్తుంది?" అన్నారు. ఆమె వాదన ఎప్పుడూ అంత పొడవే ఉండేది.

ఒక శుక్రవారం కొమరయ్య అనే ఆయన భార్య మల్లమ్మను తీసుకొచ్చాడు. ఆయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టి మర్చిపోతోందని, తెలిసిన సందులోనే దారి తప్పుతోందని చెప్పాడు. మల్లమ్మ శుభ్రంగా తల దువ్వుకుని, చక్కగా నవ్వుతూ కూర్చుంది. కార్తె చెప్పలేకపోయింది. ఊరి పేరు చెప్పింది. పిల్లల పేర్లు చెప్పింది. తర్వాత నేను, "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగాను.

"కొమరయ్య," అంది వెంటనే.

తొందరగా వచ్చిన జవాబు కదా అని సంతోషంగా టిక్కు పెట్టాను. తల ఎత్తేసరికి కొమరయ్య నేలకేసి చూస్తున్నాడు. గదిలో ఏదో జరిగిందని అర్థమైంది గాని, ఏమిటో తెలియలేదు.

"ముగ్గురు పిల్లలను కన్నది మేడమ్," అన్నాడు ఆయన వసుంధర గారితో. "ఇన్నేండ్ల కాపురంల నా పేరు నోట పట్టలే. రేషన్ కార్డు రాసెటాయన అడిగితే గూడ పక్కింటామెతోని చెప్పిచ్చింది. ఇయ్యాల పట్టింది."

మల్లమ్మ ఆయన వైపు చూసి, ఆయన ఎవరి గురించి చెబుతున్నాడో అన్నట్టు నవ్వింది.

వాళ్లు వెళ్లాక నేను టిక్కు కొట్టెయ్యబోయాను. వసుంధర గారు వద్దన్నారు. "ఉండనీ. కాగితం లెక్కకు అది సరైన జవాబే. పేరు ఇంకా ఉంది, దాని చుట్టూ ఉన్న సిగ్గు పోయింది. ఈ స్కేలుకు అది కనిపించదు. మనిషికి కనిపిస్తుంది. అందుకే పక్కన ఎప్పుడూ ఇంటి మనిషిని కూర్చోబెట్టుకో." ఇంటివాళ్లను అడిగే ప్రశ్నల కాగితం వేరే ఒకటి ఉండేది. వంట, స్నానం, బజారు, వచ్చినవాళ్లను పోల్చుకోవడం లాంటివి అడిగేవాళ్లం. అప్పటినుంచి నేను అందులో ఒక్క ప్రశ్న కూడా వదలకుండా అడిగాను.

కొన్నేళ్ల తర్వాత నాకు ఖమ్మంలో ఉద్యోగం వచ్చింది. ఆమే వెళ్లమన్నారు. అప్పుడప్పుడు ఉత్తరాలు రాసుకునేవాళ్లం. ఆ తర్వాత ఒకనాడు మా ఆసుపత్రికి ఆమె ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశారు.

"అమ్మాయ్, ఒక కేసు చూడాలి. రా."

"ఎవరండీ?"

"వచ్చాక తెలుస్తుంది. కాగితాలు తెచ్చుకో."

తల్లాడ మీదుగా వెళ్లే బస్సులో జూలూరుపాడు చేరాను. వరండాలో రోగులు ఎప్పటిలాగే కూర్చుని ఉన్నారు. గదిలోకి వెళితే వసుంధర గారు బల్లకు ఇవతల, రోగి కూర్చునే కుర్చీలో ఉన్నారు. తన కుర్చీ చూపించి నన్ను కూర్చోమన్నారు.

విషయం ఆమే చెప్పారు. వారం కిందట బీపీ మాత్రలకు వచ్చిన ఒక రైతుకు ఆమె షుగరు మాత్ర రాశారు. అతనికి షుగరు లేదు. మందులిచ్చే కిటికీ దగ్గర ఆ పూట యాదయ్య లేడు. అతను బస్సు స్టాపులో కళ్లు తిరిగి పడ్డాడు. ఎవరో పంచదార నీళ్లు పట్టించి బతికించారు. చీటీ తెప్పించి చూసుకుంటే రాత తనదే. రాసినట్టు మాత్రం గుర్తు లేదు. "వయసు మీద పడి వచ్చిన పొరపాటా, జబ్బా? జబ్బయితే నేను ఇంకొకరికి మందు రాయకూడదు. నాకు నువ్వు చెప్పాలి," అన్నారు.

కాగితం తీశాను. నేను ప్రశ్న పూర్తి చెయ్యకముందే జవాబులు వచ్చాయి. ఒక్క మార్కు పోలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆమె ముఖంలో మాత్రం తేలికదనం లేదు.

"ఇది నేను రాసిన కాగితమే కదా. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఉంది. చెల్లినీ యాదయ్యనీ పిలువు. నేను పెరట్లో ఉంటాను. నేనుంటే చెప్పరు."

రుక్మిణమ్మ ముందే చేతులు అడ్డంగా ఊపింది. "మా అక్కకేం మరుపు? నాకన్నా నయం." యాదయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను తొందరపెట్టలేదు.

"ఏడాదాయె," అన్నాడు చివరికి. "ఒక్కటే మాత్ర రెండుసార్లు రాసెటిది. నేనే సరిజేసి ఇచ్చెటోన్ని. మేడమ్ రాసింది తప్పని మేడమ్‌కు నేనెట్లంట? ఆ మాట జనంల పడితే ఏమైతది?"

అప్పుడు రుక్మిణమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కొక్కటీ చెప్పింది. అక్క రెండోసారి అన్నానికి కూర్చుంటే తానూ మళ్లీ కంచం పెట్టుకుని కూర్చునేదట, అక్క చిన్నబుచ్చుకోకుండా. ఆ ఇంట్లో ఆమెను అందరూ ఎంత గౌరవించారంటే, జబ్బుకు దాక్కోవడానికి కావలసినంత చోటు దొరికింది. ఇద్దరూ చెప్పింది కలిపి చూస్తే సందేహం మిగల్లేదు.

వసుంధర గారు పెరట్లోంచి వచ్చే అడుగుల చప్పుడు వినగానే రుక్మిణమ్మ నా మోచెయ్యి పట్టుకుని వంటింటి వైపు లాగింది. "ఏం తేలిందో ఇటొచ్చి చెప్పమ్మా. అక్క ముందు వద్దు."

"రుక్కూ," అన్నారు వసుంధర గారు గుమ్మంలో నిలబడి. "ఇన్నేళ్లూ నేనూ అలాగే చేశాను. కొడుకునో మొగుణ్నో బయటికి పిలిచి చెప్పేదాన్ని. లోపల కూర్చున్న మనిషికి ఎవరేం చెప్పారో, అసలు చెప్పారో లేదో ఏనాడూ అడగలేదు." వచ్చి రోగి కుర్చీలో కూర్చున్నారు. "ఇక్కడ చెప్పు, అమ్మాయ్. నాకు చెప్పు."

చెప్పాను. జబ్బేనని, మొదలై ఏడాది పైనే అయిందని, నెమ్మదిగా పెరుగుతుందని. పెద్ద ఆసుపత్రిలో మరోసారి చూపించుకోవాలని కూడా చెప్పాను. ఆమె తల ఊపుతూ విన్నారు, ఎవరో రోగి సంగతి వింటున్నట్టు. ఆఖరున చేతులు మాత్రం ఒళ్లో దాచుకున్నారు.

"మందు రాయడం ఎప్పుడు మానాలి?"

"ఈ రోజే అండీ."

ఆమె లేచి నా భుజం మీద చెయ్యి వేశారు. తర్వాత వరండాలోకి నడిచారు. మేము వెనకే వెళ్లాం. అక్కడున్నవాళ్లతో, తనకు మతిమరుపు జబ్బు వచ్చిందని, ఇక మందు రాయనని, యాదయ్య కొత్తగూడెం డాక్టరు దగ్గరికి తీసుకెళతాడని మామూలు గొంతుతో చెప్పారు. అప్పుడు ముందు వరసలో ఉన్న ఒక ముసలాయన కర్ర నేలకు ఆనించి అన్నాడు.

"గదేంది మేడమ్. మీరు మర్సిపోతే మేం యాదికి తెస్తం గద. నాకేం మందిస్తరో నాకెర్కనే. నేను జెప్త, మీరు రాయిండ్రి."

జనం అవునవునన్నారు. ఆమె ఆ రోజు మొదటిసారి గట్టిగా నవ్వారు. "చూశావా," అన్నారు నా వైపు తిరిగి. "అందుకే మానెయ్యాలి."

ఆ తర్వాత ఆమె ఇంకా కొన్నేళ్లు బతికారు. నేను వెళ్లినప్పుడల్లా కొంచెం కొంచెంగా తగ్గుతూ కనిపించారు. నేనేనాడూ మళ్లీ ప్రశ్నలు అడగలేదు. ఒకసారి నన్ను రుక్మిణమ్మ కూతురనుకుని జడ వేశారు. వెయ్యనిచ్చాను.

ఇప్పటికీ నా దగ్గరకు వచ్చే ఇంటివాళ్లలో చాలామంది, ప్రశ్నలు అయిపోగానే తలుపు వైపు కళ్లతో సైగ చేస్తారు. నేను లేవను. ఇంటివాళ్లనూ కూర్చోమని, నా కుర్చీ రోగి దగ్గరకు జరుపుకుని, జబ్బు ఎవరిదో వాళ్లకే మొదట చెబుతాను. కొందరికి అర్థం కాదు. మళ్లీ చెబుతాను. కొందరు కోపం తెచ్చుకుంటారు. ఆ మధ్య ఒకాయన "నా ఇల్లు నాకు ఇంకెన్నాళ్లు ఎర్కుంటదమ్మా?" అని అడిగాడు. తెలియదని చెప్పాను. ఆయన ఇంకేమైనా అడుగుతాడేమోనని అక్కడే కూర్చున్నాను.