అట్ట వెనకవైపు

మొన్న మంగళవారం తెల్లారి నా బిడ్డ ఆదోని ఆస్పత్రిలో కన్ను మూసింది. నేను పెద్దగా చదువుకోలేదు, ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాను. అది నాకు నేర్పిపోయిన ఒక్క సంగతి చెప్పుకోవాలని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

దానిది ఆదోనిలో చిన్న ఆఫీసులో కంప్యూటర్ పని. నేసినవాళ్లు తమ చీరను ఫోన్లోనే చూపించి అమ్ముకునే ఏర్పాటు చేయాలని దాని కోరిక. కంప్యూటర్ ముట్టకముందే పాత పెండ్లిపత్రికల వెనక ఫోన్ బొమ్మలు గీసుకుని మగ్గాల ఇండ్లకు పోయేది. మనం బొమ్మ మీద వేలితో నొక్కితే, ఫోన్లో బొమ్మ మారినట్టు తానే ఇంకో అట్ట తీసి ముందు పెట్టేది. తోడుగా నేనూ పోయేదాన్ని.

ఎవరిని అడిగినా "శానా బాగుంది పాపా" అనేవాళ్లు. ఇంటికొచ్చి ముఖం చిన్నబుచ్చుకునేది. ఒక రోజు అడిగాను.

"బాగుందంటాండారు కదే, ఇంగేం కావాల నీకు?"

"మర్యాదకంటాండారు మా. నోటిని అడిగితే లాభం లేదు, సేతిని సూడాల."

మరుసటి రోజు ఏమీ అడగలేదు. పక్కింటి తాత చేతికి చీర బొమ్మ ఉన్న అట్ట ఇచ్చి ఊరికే కూర్చుంది. ఆయన దాన్ని వెనక్కి తిప్పాడు. అక్కడ ఎవరో పెండ్లికూతురి పేరు!

"ఏం పాపా, ఫోనని సెప్పి పెండ్లికి పిలుస్తాండావా? బోజనాలు యాడ?"

అందరం నవ్వాం. అది మాత్రం నవ్వుతూనే ఆ తిప్పడాన్ని పట్టుకుంది. "ఎందుకు తిప్పినావు తాతా?"

"ఎనక సూడకుండా సీర ఎవురు తీసుకుంటారు? నేత సంగతి ఆడనే కదా తెలిసేది!"

నేనూ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అట్లే తిప్పుతున్నాను. చెప్పాలని ఎన్నడూ తోచలేదు. అది అక్కడే కూర్చుని ఇంకో అట్ట మీద చీర వెనకవైపు గీసింది.

కొన్నాళ్లకు అది ఆస్పత్రి పాలైంది. "ఎట్లుంది పాపా?" అంటే "బాగుండాను మా" అనేది. నమ్మాను. ఒక రోజు దాని చేతిని చూశాను. దుప్పటి అంచును బిగించి పట్టుకుని ఉంది. ఇక అడగలేదు. ఆ చేయి పట్టుకుని కూర్చున్నాను, చివరిదాకా. అన్ని రోజులూ ఎందుకు నోటిని నమ్మానా అని ఇప్పటికీ బాధే. ఆ కాస్తయినా చూడగలిగానంటే అది దాని చలవే.

దాని తోటివాళ్లు ఆ అట్టలనే ముందు పెట్టుకుని ఆ పని నడుపుతున్నారు.

నిన్న మా ఆయన దాని ఫోటో కట్టించి తెచ్చాడు. వచ్చినవాళ్లంతా బాగుందన్నారు. నేను చేతిలోకి తీసుకుని చూశాను. చూస్తూ చూస్తూ, నాకు తెలియకుండానే వెనక్కి తిప్పాను.

ఇంకా ఏమీ గీయని అట్ట.